రేట్లు జారుతున్నప్పుడు హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనాలా, ఆగాలా: ఎలా తేల్చుకోవాలి

"రేటు సంగతి ఫోన్‌లో వద్దు సార్, సిట్టింగ్‌లో తగ్గుతుంది." ఏజెంట్ ఈ మాట మీరు అడక్కముందే అంటున్నాడంటే మార్కెట్ మెత్తబడినట్టే. రేట్లు పరుగెత్తే రోజుల్లో ఇదే మనిషి "సాయంత్రంలోపు టోకెన్ అడ్వాన్స్ వేయకపోతే పోతుంది" అని తరుముతాడు. అప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు. ఇప్పుడు టైమ్ ఉంటుంది గానీ వేరే టెన్షన్ పట్టుకుంటుంది. ఇవాళ కొంటే రేపు ఇంకా తగ్గితే? ఆగితే మళ్లీ చేతికందకుండా పోతే?

ఇంకా ఎంత తగ్గుతుందో ఎవరూ చెప్పలేరు. బిల్డర్ చెప్పలేడు, యూట్యూబ్‌లో సైట్ ముందు నిలబడి చేతులూపేవాళ్లూ చెప్పలేరు. ఆ ప్రశ్న పక్కన పెట్టి, జవాబు దొరికే ప్రశ్నలు కొన్ని వరసగా వేసుకుందాం. అద్దె ఇంట్లో ఉంటూ, బ్యాంకు లోన్‌తో, తాము ఉండటానికే ఫ్లాట్ వెతుక్కుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెట్టుబడి కోసమైతే ఇంత చదవక్కర్లేదు: పడుతున్న మార్కెట్లో అప్పు చేసి రెండో ఫ్లాట్ కొనకండి. ఎందుకో కింద లెక్కలో మీకే తెలుస్తుంది.

ముందు, మీరు చూస్తున్న చోట నిజంగా తగ్గిందా?

హైదరాబాద్ అంతటికీ కలిపి ఒక రేటు, ఒక మార్కెట్ అంటూ ఏమీ లేదు. 2006 నాటి భవన నిబంధనల దగ్గర్నుంచి ఇక్కడ ఎఫ్ఎస్ఐ (స్థలం సైజును బట్టి ఎంత కట్టొచ్చనే లెక్క) మీద పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు (చుట్టూ వదలాల్సిన ఖాళీ), అనుమతులు కుదిరితే ఎంత ఎత్తుకైనా కట్టొచ్చు. అందుకే కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ లాంటి చోట్ల ఒకే జంక్షన్ చుట్టూ వేల ఫ్లాట్లు ఒకేసారి చేతికొస్తాయి. అక్కడి రేటు నడక వేరు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్ రేటు నడక వేరు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం 100 కోట్లు దాటినప్పుడు, ఆ వార్త చూపించి ఊరికి అటు చివర ఉన్న ఓనర్ కూడా నాకు రేటు పెంచి చెప్పాడు. వేలం పాటకీ ఆయన డబుల్ బెడ్‌రూంకీ సంబంధం ఏమిటంటే నవ్వాడు.

ఇంకో సంగతి, రేటు పడటం బ్రోచర్‌లో కనిపించదు. అచ్చేసిన రేటు తగ్గిస్తే ముందు కొన్నవాళ్లంతా ఆఫీసు మీదికొస్తారని బిల్డర్‌కు తెలుసు. అందుకని ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు ముట్టుకోకుండా ఫ్లోర్ రైజ్ (పై అంతస్తులకు వేసే అదనపు రేటు) మాఫీ అంటాడు, మాడ్యులర్ కిచెన్ ఫ్రీ అంటాడు, రెండో కార్ పార్కింగ్ మా తరఫున అంటాడు, రిజిస్ట్రేషన్ ఖర్చు మాదే అంటాడు. వీటన్నిటినీ రూపాయల్లోకి మార్చి మొత్తంలోంచి తీసేయండి. మిగిలిందే అసలు రేటు. అదే ప్రాజెక్టులో ముందే బుక్ చేసుకున్న ఇన్వెస్టర్ ఇప్పుడు బయటపడాలని ఎంతకు అమ్మజూపుతున్నాడో కూడా కనుక్కోండి. బిల్డర్ రేటు కంటే అది కిందే ఉంటే, మీకు పనికొచ్చే రేటు అదే.

ఇందుకు రెండు మూడు వారాలు కేటాయించండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, మీకు నచ్చిన రెండు గేటెడ్ కమ్యూనిటీల్లో మీకు కావాల్సిన సైజు రీసేల్ ఫ్లాట్లు ఎన్ని అమ్మకానికి ఉన్నాయో, ఎంత చెబుతున్నారో తేదీ వేసి రాసుకోండి. మూడు వారాల తర్వాత మళ్లీ చూడండి. ఏవి పోయాయి, ఏవి అలాగే ఉన్నాయి, ఏవి అంకె మార్చాయి? దీంతో పాటు మీ బ్యాంకులో లోన్లు చూసే ఆఫీసర్‌ను, ఆ కమ్యూనిటీకి బ్యాంకు తరఫున విలువ కట్టే వాల్యుయర్ ఈ మధ్య ఎస్ఎఫ్‌టీకి ఎంత వేస్తున్నాడని అడగండి. అమ్మేవాడు చెప్పేదానికంటే అది నిజానికి దగ్గరగా ఉంటుంది.

మూడో పని చాలామంది చేయరు. రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లి లైట్లు లెక్కపెట్టండి. నల్లగండ్ల దగ్గర, తాళాలు ఇచ్చి రెండేళ్లయిన ఒక బ్లాక్ కింద నిలబడి నేను లెక్కపెట్టాను. పద్నాలుగు అంతస్తులు, రోడ్డువైపు అంతస్తుకు మూడు బాల్కనీలు. నలభై రెండింట్లో వెలిగింది పదిహేను. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే "ఓనర్లు అమెరికాల ఉంటరు సార్. కిరాయికి ఇద్దామంటే మస్తు ఖాళీలున్నయ్, ఎవరొస్తరు" అన్నాడు. పగలు క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ చూపించిన ఏజెంట్ ఈ ముక్క చెప్పలేదు. అన్ని ఫ్లాట్లు చీకట్లో ఉంటే వాటిలో కొన్ని త్వరలోనో తర్వాతో అమ్మకానికి వస్తాయి. అక్కడ తొందరపడాల్సిన పని లేదు.

అద్దె లెక్క

నిర్ణయంలో ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది. కాగితం, పెన్ను తీసుకోండి. నేను ఒక ఉదాహరణ వేస్తాను, మీ అంకెలు మీరు మార్చుకోండి.

1,500 ఎస్ఎఫ్‌టీ రీసేల్ ఫ్లాట్, ఎస్ఎఫ్‌టీ 8,000 చొప్పున 1.2 కోట్లు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 9 లక్షలు. కబోర్డులు, ఫ్యాన్లు, చిన్నా చితకా పనులకు 8 లక్షలు. లోన్ 75 లక్షలు దాటితే విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది, కాబట్టి బ్యాంకు ఇచ్చేది 90 లక్షలు. మీ చేతి నుంచి పెట్టాల్సింది 30 ప్లస్ 9 ప్లస్ 8, మొత్తం 47 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు లోన్‌లో కలవదని చివరి నిమిషంలో తెలిసి చేబదులుకు పరుగెత్తేవాళ్లు ఎంతమందో.

90 లక్షలకు 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 78 వేలు. మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే 7.6 లక్షలు. మీ 47 లక్షలు ఎఫ్‌డీలో ఉంటే 6.5 శాతం చొప్పున ఏడాదికి 3 లక్షలు వచ్చేవి, అవి పోతాయి. మొత్తం 10.6 లక్షలు. ఇప్పుడు అదే కమ్యూనిటీలో అదే సైజు ఫ్లాట్ అద్దె కనుక్కోండి. 30 వేలనుకుందాం. మెయింటెనెన్స్ ఎవరుంటే వాళ్లు కట్టేదే కాబట్టి లెక్కలోకి తీసుకోవద్దు. ఏడాదికి అద్దె 3.6 లక్షలు.

తేడా 7 లక్షలు. నెలకు 58 వేలు.

అంటే ఫ్లాట్ విలువ ఏటా ఆరు శాతం దాకా పెరిగితేనే కొన్నవాడూ అద్దెకున్నవాడూ సమానం. పెరగకుండా నిలబడినా ఏడాదికి 7 లక్షలు మీ ఖర్చే. ఐదు శాతం తగ్గితే ఇంకో 6 లక్షలు దానికి తోడు. "అద్దె దండగ, అదే ఈఎంఐ కడితే ఇల్లు మనదవుతుంది" అనే మాట మామయ్య దగ్గర్నుంచి ఆఫీసులో మేనేజర్ దాకా అందరూ అంటారు. అద్దె, ఈఎంఐ దగ్గర దగ్గరగా ఉన్న రోజుల్లో పుట్టిన మాట అది. 30 వేల అద్దె ఇంటికి 78 వేల ఈఎంఐ కట్టే రోజుల్లో, అది కూడా రేటు కదలని మార్కెట్లో, ఆగినవాడికి నష్టం లేదు.

అలాగని కొనొద్దని కాదు. ప్రశ్న ఇలా వేసుకోండి: సొంత గోడకు మేకు కొట్టుకోవడానికి, ఓనర్ ఫోన్ చేసి "మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండి" అనకుండా ఉండటానికి, పిల్లల స్కూలు మారకుండా ఉండటానికి నెలకు 58 వేలు ఇస్తారా? కొందరు సంతోషంగా ఇస్తారు, తప్పేమీ లేదు. కొందరికి 30 వేల దాకా సరే, 58 ఎక్కువ. అప్పుడు కావాల్సింది ఇంకా తక్కువ రేటుకు దొరికే ఫ్లాట్. బేరంలో తగ్గే ప్రతి 10 లక్షలకూ ఈ తేడా ఏడాదికి 80 వేల దాకా తగ్గుతుంది, రిజిస్ట్రేషన్‌లో 75 వేలు అదనంగా మిగులుతాయి. అద్దె ఏటా పెరుగుతుంది, వడ్డీ భాగం ఏటా తగ్గుతుంది, కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ తేడా కరుగుతుంది. ఎక్కువ కాలం ఉండేవాడికే ఫ్లాట్ కలిసొస్తుంది అనేది అందుకే.

కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, సొంతంగా ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు. "ట్యాక్స్ కలిసొస్తుంది" అని ఎవరైనా అంటే ముందు మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకోండి.

ఏడేళ్లు అమ్మలేకపోతే?

నేను 2009 మొదట్లో మియాపూర్ వైపు డబుల్ బెడ్‌రూం కొన్నాను. 2008లో అమెరికా సంక్షోభం తర్వాత రేట్లు తగ్గాయి, ఇదే అదను అనుకున్నాను. ఆ ఏడాది డిసెంబర్ నుంచి తెలంగాణ ఉద్యమం ఉధృతమైంది. రాష్ట్రం వస్తుందా రాదా తేలక కొనేవాళ్లు ఆగిపోయారు. 2012లో నాకు బెంగళూరు బదిలీ. ఫ్లాట్ అమ్మకానికి పెడితే మూడు నెలల్లో వచ్చింది నలుగురు. అందులో ఒకాయన భార్యాపిల్లలతో వచ్చి, హాల్లో నిలబడకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లి, సింక్ వెనక గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. కాస్త చెమ్మ. అరచెయ్యి నాకు చూపించి, నేను చెప్పిన రేటులో 3 లక్షలు తగ్గించి ఒకటే మాట అన్నాడు: "ఆలోచించుకోండి సార్, నాకు తొందర లేదు." ఒప్పుకుంటే కొన్న రేటే వస్తుంది, రిజిస్ట్రేషన్, వడ్డీ, రంగులు నా నెత్తిన. అమ్మలేదు. బెంగళూరులో అద్దె కడుతూ ఇక్కడ ఈఎంఐ కట్టాను. రాష్ట్రం ఏర్పడ్డాక మెల్లగా కదిలింది.

మన దగ్గర రేట్లు పడటం ఎక్కువగా ఇలాగే ఉంటుంది. అంకె పెద్దగా తగ్గదు, కొనేవాడు ఉండడు. ఏళ్ల తరబడి అదే అంకె దగ్గర నిలబడుతుంది, ఈలోగా మిగతా ధరలన్నీ పెరిగి దాన్ని లోపల్నుంచి తినేస్తాయి. కాబట్టి "రేటు అడుగు తాకిందా" అని చూడటం కంటే, ఇది ఏడేళ్లు అమ్మలేకపోతే నా బతుకు ఏమవుతుంది అని చూసుకోండి.

పైన వేసిన ఉదాహరణనే మూడేళ్లు ముందుకు నడపండి. మీరు కట్టిన ఈఎంఐలు 28 లక్షలు. అసలు తగ్గింది 6 లక్షల లోపే, బ్యాంకు బాకీ ఇంకా 84 లక్షలుంటుంది. ఈలోగా ఫ్లాట్ 20 శాతం పడి 96 లక్షలయితే, అమ్మి బాకీ తీర్చాక చేతికొచ్చేది 12 లక్షలు. మీరు పెట్టింది 47. తప్పనిసరై అమ్మాల్సొస్తేనే ఈ దెబ్బ. అమ్మే అవసరం రాకుండా చూసుకోవడం మీ చేతిలో ఉన్న పని.

ఉద్యోగం సంగతి ఇక్కడే ఆలోచించాలి. పడమటి హైదరాబాద్‌లో మీ జీతం, మీ ఫ్లాట్ రేటు, దాన్ని అద్దెకిస్తే వచ్చేవాడి జీతం, మూడూ ఒకే ఐటీ కారిడార్ మీద ఆధారపడ్డాయి. కంపెనీలు మనుషుల్ని తీసేసే రోజుల్లోనే రేటు పడుతుంది, అద్దెకు మనుషులు దొరకరు. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందనే ధీమా ఉండదు. భార్యాభర్తలిద్దరూ అదే రంగంలో ఉంటే ఒక్కరి జీతం మీదే ఈఎంఐ వేసుకోండి. తొమ్మిది నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో ముట్టుకోకుండా ఉండాలి. డౌన్ పేమెంట్‌కు అది కూడా ఊడ్చేయాల్సొస్తే, ఆ ఫ్లాట్ ఇప్పుడు మీది కాదు.

వడ్డీని కూడా రెండు శాతం పెంచి చూసుకోండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది, ఇంటి లోన్ల వడ్డీలూ వెంట పరుగెత్తాయి. తర్వాత తగ్గింది, మళ్లీ పెరగదని రాసిచ్చేవాళ్లెవరూ లేరు. మన 90 లక్షలకు 10.5 శాతమైతే ఈఎంఐ దాదాపు 90 వేలు. అది కట్టగలరా?

ఏ ఫ్లాట్ చూడాలి

పైవన్నీ దాటి కొనాలనే అనుకుంటే, పడుతున్న మార్కెట్లో నా ఓటు ఓసీ (ఇక ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చి, జనం ఉంటున్న రీసేల్ ఫ్లాట్‌కే. గోడ మీద చెయ్యి పెట్టి చూడొచ్చు, నీళ్లు మంజీరా నల్లానా ట్యాంకరా పక్కింటివాళ్లను అడగొచ్చు, జీఎస్‌టీ ఉండదు. కడుతున్నదానికి 5 శాతం జీఎస్‌టీ ఉంటుంది. 45 లక్షల లోపు చిన్న ఫ్లాట్లకైతే 1 శాతం.

కడుతున్నదే నచ్చితే, అమ్మకాలు తగ్గినప్పుడు బిల్డర్‌కు డబ్బు ఆడదని, ముందు ఆగేది మీ టవర్ పనేనని గుర్తుంచుకోండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి, మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో వెబ్‌సైట్‌లో పెట్టాలి. తెలంగాణ రెరా సైట్‌లో ఆ వివరాలు చూసి, వారం మధ్యలో మధ్యాహ్నం సైట్‌కు వెళ్లండి. ఆదివారం వెళ్తే జెండాలూ కూల్‌డ్రింకులే కనిపిస్తాయి. బుధవారం ఎంతమంది కూలీలున్నారో, క్రేన్ తిరుగుతోందో లేదో చూడాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు.

"ప్రీలాంచ్ ఆఫర్, మొత్తం ఇప్పుడే కడితే సగం రేటు, యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేస్తాం" అన్న చోట నుంచి లేచి వచ్చేయండి. ప్రీలాంచ్ అంటే అనుమతులు రాకముందే అమ్మడం, యూడీఎస్ అంటే ప్రాజెక్టు నేలలో విడదీయని వాటా. రెరా నంబర్ తీసుకోవాల్సిన ప్రాజెక్టును అది లేకుండా అమ్మడమే చట్టవిరుద్ధం. ఈ ఊళ్లో ఎంతమంది జీవితకాలం పొదుపు అలా మట్టిపాలైందో పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. మార్కెట్ పడేకొద్దీ ఇలాంటి ఆఫర్లు ఎక్కువవుతాయి.

యూడీఎస్ అన్నాం కాబట్టి, ఏ ఫ్లాటైనా మీ వాటాకు ఎన్ని గజాలొస్తున్నాయో అడగండి. ఎకరం 4,840 గజాలు. ఎకరానికి 150 ఫ్లాట్లు కడితే తలా 32 గజాలు. కట్టడం ఏటా పాతబడుతుంది, విలువ నిలబెట్టేది నేలే. ఎస్ఎఫ్‌టీ కూడా అంతే: 1,500 అని చెప్పేది సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి జాగాలో వాటా కూడా కలిపినది. రెరా లెక్కలో కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల మీరు వాడుకునే జాగా) ఎంతో చూసి, రెండు ఫ్లాట్లను దాని మీదే పోల్చండి.

కాగితాల సంగతి లాయర్‌కు వదిలేయండి: ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల రికార్డు), లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు), ప్లాన్, ఓసీ. ఒక్కటి మాత్రం మీరే చూడండి. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టకూడని మేర) మ్యాపు తీయండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ గీత ఎంత ముఖ్యమో అందరికీ అర్థమైంది.

బేరం, టోకెన్

బేరానికి కూర్చునే ముందు అమ్మేవాడెవరో తెలుసుకోండి. ఖాళీ ఫ్లాట్ మీద ఈఎంఐ కడుతున్న ఇన్వెస్టర్‌కు నెల నెలా నొప్పి. అదే ఇంట్లో ఉంటూ "మంచి రేటొస్తే చూద్దాం" అనేవాడితో మీకు పని కాదు. మీ నోట్‌బుక్ తీసుకెళ్లండి. "మీ బ్లాక్‌లోనే ఇదే సైజు ఇంకో మూడున్నాయి, ఒకటి రెండు నెలలుగా ఉంది, బ్యాంకు వాల్యుయేషన్ ఇంత" అని మెల్లగా చెప్పి మీ అంకె ఒక్కసారే చెప్పండి. ఏజెంట్ మధ్యలో "చెరో రెండు లక్షలు సర్దుకోండి సార్" అంటాడు. టీ తాగి లేచి రండి. వారంలో ఫోన్ రాకపోతే మీ అంకె తక్కువైనట్టు, అప్పుడు మళ్లీ ఆలోచించొచ్చు.

కొంత డబ్బు లెక్కల్లో చూపకుండా నల్లడబ్బుగా ఇమ్మంటే ఒప్పుకోవద్దు. డాక్యుమెంట్‌లో విలువ తగ్గితే లోన్ తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం కాగితం మీద పెరిగి పన్ను మీకు పడుతుంది. 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాడి పన్ను కింద ముందే పట్టుకునేది) కోసి మీరే కట్టాలి. అమ్మేది ఎన్ఆర్ఐ అయితే ఆ 1 శాతం లెక్క చెల్లదు, కోయాల్సింది చాలా ఎక్కువ. డబ్బు చేతులు మారకముందే ఆడిటర్‌ను కలవండి, తర్వాత ఆయన అమెరికాలో ఉంటాడు, నోటీసు మీ ఇంటికొస్తుంది.

టోకెన్ లక్ష దాటొద్దు, చెక్కు ద్వారానే. రసీదు మీద రెండు వాక్యాలు రాయించుకోండి: బ్యాంకు లీగల్ పరిశీలనలో కాగితాలు క్లియర్ కాకపోతే టోకెన్ పూర్తిగా వాపసు, బ్యాంకు వాల్యుయేషన్ మాట్లాడుకున్న రేటు కంటే తక్కువ వస్తే రేటు మళ్లీ మాట్లాడుకోవాలి. "నమ్మకం లేదా సార్, ఇవన్నీ ఎందుకు" అని ఓనర్ పెన్ను పక్కన పెడితే, చెక్కు జేబులోనే ఉంచుకుని, నోట్‌బుక్‌లో రెండో పేజీలో ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి.